అడవి కొట్టిన చోట మిగిలిన తుక్కును కాల్చాలంటే: కొండనూ గాలినీ చూసి రోజు ఎంచుకోవడం ఎలా

కలప లారీలు వెళ్లిపోయాక ఆ నేల మీద ఒక్కసారి నిలబడి చూడండి. అడుగు వేయడానికి చోటు ఉండదు. చిటారు కొమ్మలు, రెమ్మలు, ఒలిచిన బెరడు, వంకర పోయాయని వదిలేసిన దుంగలు, పెద్ద చెట్టు కింద పడి నలిగిన చిన్న చెట్లు, అన్నీ కలిసి మోకాలి లోతున పరుచుకుని ఉంటాయి. అడవి పని చేసేవాళ్లు దీన్ని స్లాష్ అంటారు. మనం తుక్కు అనే పిలుచుకుందాం.

దీన్ని ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1871 అక్టోబర్ 8 రాత్రి అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే కలప ఊరు తగలబడిపోయింది. ఆ ఏడు వానల్లేవు. చుట్టూ నరికిన అడవి తుక్కు ఎండి పడి ఉంది. పొలాల కోసం, రైలు మార్గం కోసం జనం పెట్టిన చిన్న చిన్న మంటలు అక్కడక్కడా రగులుతూనే ఉన్నాయి. అంతలో వాతావరణం మారి ఈదురుగాలి లేచింది. విడివిడిగా ఉన్న మంటలు ఏకమయ్యాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. అక్కడ చెప్పుకోదగ్గ కొండలు కూడా లేవు, దాదాపు చదును నేల. 1894 సెప్టెంబర్ 1న మిన్నెసోటాలోని హింక్లీలో 400 మందికి పైగా బలయ్యింది కూడా ఇలాంటి తుక్కు మేసి పెరిగిన మంటకే.

అందుకే తుక్కును మన అదుపులో ఉన్న మంటతో ముందే కాల్చేయడం చాలా చోట్ల అవసరమైన పని. కానీ ఒక ప్రాంతంలో ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడిచిన పద్ధతిని ఇంకో ప్రాంతానికి తీసుకెళ్లి అచ్చంగా అలాగే చేస్తే ఊళ్లు కాలిపోవచ్చు. తేడా అంతా అక్కడి వాతావరణంలో, నేల వాలులో ఉంది. ఆ రెండింటినీ ఎలా చదవాలో, ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెబుతాను. ముందే ఒక మాట: అటవీ, అగ్నిమాపక శాఖల అనుమతి చేతికి రాకుండా, ఈ పనిలో చేయి తిరిగిన మనిషి పక్కన లేకుండా అగ్గిపుల్ల ముట్టుకోకండి.

1. పార తీసుకుని నేల తవ్వి చూడండి

మొదటి ప్రశ్న ఎలా కాల్చాలని కాదు, అసలు కాల్చవచ్చా అని. దానికి జవాబు తుక్కులో లేదు, తుక్కు కింద ఉన్న నేలలో ఉంది. నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వండి. నల్లగా, స్పాంజిలా, పీచు పీచుగా మట్టి వస్తే, పిడికిట్లో పిండితే వేళ్ల మధ్య నుంచి నల్లటి నీరు కారితే అది పీట్ నేల. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని ఆకూ వేరూ పేరుకుని అయిన నేల. పార అక్కడే పెట్టేసి వెనక్కి వచ్చేయండి. అలాంటి నేల ఎండితే అదే కట్టెలా కాలుతుంది. నిప్పు భూమి లోపలికి దిగి నెలల తరబడి కదులుతుంది, ఎన్ని నీళ్లు పోసినా సరిగా ఆరదు. 1997లో ఇండోనేషియాలో భూమి చదును కోసం పెట్టిన మంటలు పీట్ నేలల్లోకి దిగి, పక్క దేశాలను కూడా పొగతో కప్పేశాయి. పీట్ మీద తుక్కు కాల్చడానికి మంచి రోజు అంటూ లేదు.

రెండోది, ఏటవాలుగా ఉండి మట్టి వదులుగా ఉన్న, భారీ వానలు పడే కొండలు. ఇక్కడ తీర్పు చెప్పడం కష్టం. వదిలేస్తే ఏమవుతుందో న్యూజిలాండ్‌లోని గిస్బోర్న్ ప్రాంతంలో చూశాం. 2018 జూన్ వానలకు టోలగా బే దగ్గర, 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫానుకు మరింత విస్తారంగా, కొండల మీది దుంగలూ తుక్కూ బురదతో కలిసి వాగుల్లోకి జారి, పొలాల మీద, వంతెనల మీద, సముద్రపు ఒడ్డున మేట వేశాయి. అలాగని కొండంతా కాల్చేస్తే మట్టిని పట్టుకునే చివరి ఆచ్ఛాదన పోతుంది. అలాంటి చోట బరువైన దుంగల్ని వాగు అంచుల నుంచి, చరియ అంచుల నుంచి పైకి లాగి, చదునుగా గట్టిగా ఉన్న చోట కుప్ప పోసి అక్కడే కాల్చాలి. సన్న రెమ్మలూ ఆకులూ వాలు మీదే దుప్పటిలా వదిలేయాలి. నా మట్టుకు నాకు ఇదే సరైన మధ్యేమార్గం.

చలి ప్రాంతాల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లో చలి వల్ల ఆకుతుక్కు కుళ్లదు. నేల మీద మందంగా పుల్లటి పొర పేరుకుంటుంది. విత్తనం మొలకెత్తినా వేరు మట్టిని అందుకోలేదు. అక్కడ కాల్చడం వల్ల ఆ పొర పలచబడి నేల వేడెక్కుతుంది, పోషకాలు విడుదలవుతాయి. కాలిన కలప మీదే బతికే పురుగులు, శిలీంధ్రాలు కూడా ఆ అడవుల్లో ఉన్నాయి. అందుకే స్వీడన్‌లో ఎఫ్ఎస్‌సీ సర్టిఫికేట్ (అడవిని బాధ్యతగా చూసుకుంటున్నారని ఇచ్చే గుర్తింపు) ఉన్న పెద్ద భూయజమానులు తాము కొట్టే పొడి నేలల్లో కొంత భాగాన్ని తప్పనిసరిగా కాల్చాలని నియమం ఉంది. ఇంకోవైపు, రాతి మీద పలచటి మట్టి పొర మాత్రమే ఉన్న వేడి ప్రాంతాల్లో ఇదే మంట ఉన్న కాస్త సారాన్నీ పొగలో కలిపేస్తుంది. అక్కడ తుక్కును ముక్కలు చేసి నేల మీద పరచడం మేలు.

2. క్యాలెండర్‌ను వెనక నుంచి లెక్కపెట్టండి

ఈ పనిలో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కాల్చే రోజు వాతావరణం చూస్తారు. గాలి లేదు, చల్లగా ఉంది, నేల తడిగా ఉంది, ఇంకేం, పెట్టేయ్ అంటారు. చూడాల్సింది ఆ రోజును మాత్రమే కాదు, ఆ తర్వాత వచ్చే మూడు నెలల్ని.

2022 జనవరిలో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రపు కొండల్లో అటవీ సిబ్బంది తుక్కు కుప్పలు కాల్చారు. చలికాలం, చుట్టూ మంచు. పుస్తకం ప్రకారం ఇంతకన్నా క్షేమమైన సమయం లేదు. ఆ తర్వాత మూడుసార్లు మంచు కురిసింది. అయినా ఒక చోట నిప్పు నేల కింద నిద్రపోతూనే ఉంది. నివురుగప్పిన నిప్పు అని మనం మాటవరసకు అంటాం, అక్కడ అక్షరాలా అదే జరిగింది. ఏప్రిల్‌లో ఆ ప్రాంతపు ఎండు గాలులు లేవగానే అది పైకి వచ్చింది. దాదాపు అదే సమయంలో, దగ్గర్లోనే ఏప్రిల్ 6న ముందస్తు ప్రణాళికతో పెట్టిన ఇంకో మంట కూడా అదుపు తప్పింది. రెండూ కలిసిపోయి సుమారు 3,41,000 ఎకరాలు కాల్చాయి, వందల ఇళ్లు పోయాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. అదే రాష్ట్రంలో 2000 మే 4న పెట్టిన అదుపు మంట కూడా వసంతపు గాలులకు చేయి దాటి, లాస్ అలమోస్‌లో 200కు పైగా ఇళ్లను తీసుకుపోయింది.

ఆ కొండల్లో అసలు ప్రమాదం చలికాలంలో లేదు, దాని వెనకే వచ్చే వసంతంలో ఉంది. కాబట్టి ఒక కాగితం తీసుకుని మీ ప్రాంతంలో ఏడాది మొత్తంలో అతి ఎండు గాలి ఏ నెలల్లో, ఏ దిక్కు నుంచి వస్తుందో రాయండి. కనీసం పది, పదిహేనేళ్ల వాతావరణ రికార్డులు చూడండి, అక్కడే పుట్టి పెరిగిన పెద్దవాళ్లను అడగండి. అమెరికాలోని ఒరెగాన్ పశ్చిమ కొండల్లో అది వేసవి చివర్లో, శరదృతువులో వచ్చే తూర్పు గాలి. మామూలుగా సముద్రం నుంచి తేమ తెచ్చే గాలి వెనక్కి తిరిగి, ఎండు లోతట్టు నుంచి కొండలు దిగి వస్తుంది. కాలిఫోర్నియాలో శరత్కాలపు శాంటా ఆనా, డయాబ్లో గాలులు. దక్షిణాఫ్రికాలో చలికాలం చివర పీఠభూమి నుంచి తీరానికి దిగే బెర్గ్ గాలి. కొండ దిగి వచ్చే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, తేమ శాతం పడిపోతుంది. అలాంటి గాలికి నిన్న తడిగా ఉన్న తుక్కు కూడా ఇవాళ అంటుకుంటుంది.

ఇప్పుడు ఆ నెల నుంచి వెనక్కి లెక్కపెట్టండి. కుప్ప పూర్తిగా, వేరుతో సహా ఆరడానికి ఎన్ని వారాలు పడుతుందో అన్ని వారాలు వెనక్కి, ఇంకొన్ని వారాలు అదనంగా వెనక్కి జరగండి. అది మీ గడువు.

తర్వాత మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. మంట తర్వాత వచ్చే కాలం తడిదా, పొడిదా? ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో యూకలిప్టస్ తుక్కును వేసవంతా ఎండనిచ్చి శరదృతువులో, అంటే అక్కడి లెక్కలో మార్చి మొదలుకుని, కాలుస్తారు. వెనకే చలికాలపు వానలు వచ్చి మిగిలిన నిప్పును ఆర్పేస్తాయి. మధ్యధరా వాతావరణం ఉన్న చోట్ల కూడా తొలి వానలు బాగా పడ్డాక కాల్చడానికి కారణం ఇదే. వసంతంలో కాలిస్తే ఆ సాయం ఉండదు. ఒరెగాన్, వాషింగ్టన్‌లలో పొగ తగ్గించడానికి 1980ల నాటికి చాలా మంటల్ని వసంతానికి మార్చారు. అప్పుడు పెద్ద దుంగలు, నేల మీది మందపాటి పొర తడిగా ఉండి కాలవు కాబట్టి పొగ తక్కువ. మంచి ఆలోచనే. కానీ వెనకాల వేసవి ఉంది. అలాంటి చోట వాన చేయాల్సిన పని మొత్తం మీరే చేయాలి. మనుషులు, నీళ్లు, కాపలా రెట్టింపు పెట్టుకోగలిగితేనే వసంతానికి ఒప్పుకోండి.

3. కొండను కాళ్లతో కొలవండి

మ్యాపు చాలదు. ఎక్కి దిగాలి. వాలు కోణం కొలిచే యాప్ ఫోన్లో ఉంటే సరిపోతుంది. ఆస్ట్రేలియా అటవీ సిబ్బంది ఎప్పట్నుంచో వాడే లెక్క ఒకటి ఉంది: ఎగువకు పాకే మంట వేగం ప్రతి 10 డిగ్రీల వాలుకూ సుమారు రెట్టింపవుతుంది. అంటే 20 డిగ్రీల కొండ మీద చదును నేలతో పోలిస్తే నాలుగు రెట్లు. మంట సెగ పైనున్న తుక్కును ముందే ఎండబెట్టి సిద్ధం చేస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. దిగువకు మంట నెమ్మదిగానే వస్తుంది. కానీ ఏటవాలు మీద మండుతున్న దుంగ దొర్లి మీ ఫైర్ లైన్ (మంట దాటకుండా చుట్టూ తుక్కు తీసేసి గీకిన పట్టీ) దాటి కింద పడిందంటే, అక్కడి నుంచి కొత్త మంట ఎగువకు, మీ మనుషుల వైపే బయల్దేరుతుంది. దొర్లే దుంగల్ని ముందే వాలుకు అడ్డంగా కాకుండా నిలువుగా తిప్పి పెట్టండి. దిగువ ఫైర్ లైన్ అంచున మట్టి కట్ట, దాని లోపల చిన్న కాలువ వేయండి.

కొండకు ఎండ ముఖం, నీడ ముఖం ఉంటాయి. ఉత్తరార్ధ గోళంలో దక్షిణం, నైరుతి వైపు తిరిగిన వాలు ఎక్కువ ఎండుతుంది. దక్షిణార్ధ గోళంలో ఉత్తరం, వాయవ్యం. ఒకే కొండకు ఒక పక్క మంట పరిగెడుతుంటే ఇంకో పక్క అంటుకోనే అంటుకోదు. రెండు పక్కలనూ ఒకే రోజు కాల్చాలనుకోకండి. నీడ పక్క ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే ఎండ పక్కను కాల్చేస్తే, ఆ పచ్చి వాలే మీకు ఖర్చు లేని ఫైర్ లైన్ అవుతుంది.

గాలి సంగతి తెలుసుకోవడానికి ఒక రోజు పూర్తిగా అక్కడే గడపండి. సన్నటి గుడ్డ పీలికలు కర్రలకు కట్టి వాలు కింద, మధ్యలో, పైన, కనుమలో, వంక నోటి దగ్గర పాతండి. పొద్దున్నే పీలికలన్నీ లోయ వైపు వాలి ఉంటాయి. రాత్రంతా చల్లబడిన గాలి కిందికి జారుతూ ఉంటుంది కాబట్టి. ఎండ తగిలాక ఒక అరగంట ఎటూ కాకుండా వేలాడతాయి. తర్వాత ఒక్కొక్కటిగా, ముందు ఎండ ముఖం మీదివి, పైకి తిరుగుతాయి. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. ఏ పీలిక ఏ సమయానికి తిరిగిందో రాసుకోండి. ఆ చిన్న కాగితం కాల్చే రోజున వాతావరణ కేంద్రం సూచనతో సమానమైన విలువ చేస్తుంది, ఎందుకంటే ఆ సూచన జిల్లా మొత్తానికి, ఇది మీ వాలుకు.

రెండు కొండల మధ్య కనుమలోంచి గాలి గరాటులోంచి వచ్చినట్టు వేగంగా వస్తుంది. నిటారుగా పైకి పోయే ఇరుకు వంక పొగగొట్టంలా పనిచేస్తుంది, కింద నిప్పు పడితే పై దాకా ఒక్క ఊపున లాగేస్తుంది. వంక ఎగువన మనిషిని ఎప్పుడూ నిలబెట్టకండి. ఇంకో విషయం చాలామందికి తెలియదు: రాత్రి చల్లగాలి లోయ అడుక్కి చేరినప్పుడు కొండ మధ్య భాగంలో వెచ్చటి పట్టీ ఒకటి మిగిలిపోతుంది. లోయలో మంచు పడుతున్నా అక్కడ తేమ పెరగదు, మంట పడుకోదు. రాత్రి కాపలా లోయలో కాదు, ఆ పట్టీ దగ్గర ఉండాలి.

4. కుప్పలు పోయాలా, పరిచిన చోటే కాల్చాలా

వానలు ఎక్కువగా పడే చోట, మంచు పడే చోట, నిలిచి ఉన్న చెట్ల మధ్య పలచగా కొట్టిన చోట కుప్పలే దిక్కు. చుట్టూ అంతా తడిగా ఉన్నా కుప్ప నడుమ పొడిగా ఉంచుకోవచ్చు, అదే దాని బలం. వాలు మరీ ఎక్కువై యంత్రం ఎక్కని చోట, మొత్తం చెట్లు కొట్టేసిన చోట, కొత్త మొక్కలకు విత్తన మడి కావాల్సిన చోట నేల మీద పరిచి ఉన్నట్టే కాలుస్తారు. టాస్మానియాలో అలా కాల్చి, ఆ బూడిద మీదే హెలికాప్టర్ నుంచి యూకలిప్టస్ విత్తనం చల్లుతారు. ఈ రెండో పద్ధతికి మనుషులు, అనుభవం చాలా ఎక్కువ కావాలి. కొత్తవాళ్లకు నా సలహా కుప్పలే.

కుప్ప పోయడంలో అన్నిటికన్నా ముఖ్యం మట్టి కలవకపోవడం. బుల్‌డోజర్ బ్లేడుతో తోస్తే తుక్కుతో పాటు మట్టి కూడా పోగవుతుంది. ఆ మట్టి గాలి ఆడనివ్వదు, పైమంట ఆరిపోయినా లోపల వారాల తరబడి కుములుతుంది. తుక్కును పట్టి ఎత్తే యంత్రంతో గానీ, పళ్లున్న బ్లేడుతో గానీ, చేత్తో గానీ పేర్చండి. అడుగున చితుకులు, రెమ్మలు. వాటి మీద చేతి మందం కొమ్మలు. ఆ పైన దుంగలు. వెడల్పుగా కాకుండా ఎత్తుగా, గడ్డివాము ఆకారంలో. పైకి పొడుచుకు వచ్చిన పొడవాటి కొమ్మలు కోసేయండి, లేకపోతే నడుమ కాలిపోయాక అవి బయటికి పడి అంచున కుములుతూ ఉంటాయి. తడి ప్రాంతమైతే కుప్ప నడినెత్తిన, మొత్తం కప్పకుండా, ఒక దుప్పటి అంత మైనం కాగితం వేసి దాని మీద ఇంకొన్ని కొమ్మలు పెట్టండి. నెల రోజుల వాన తర్వాత కూడా ఆ కాగితం కింద చేయి పెడితే చితుకులు గలగలలాడతాయి. నిప్పు పెట్టాల్సింది అక్కడే.

నిలిచి ఉన్న చెట్ల నుంచి, మొదళ్ల నుంచి, ఎండు వేర్ల నుంచి దూరం ఉంచండి. వాలు మీదైతే ఎగువ పక్క ఇంకా ఎక్కువ దూరం. రెండు పెద్ద కుప్పల కన్నా పది చిన్న కుప్పలు మంచివి. పెద్ద కుప్ప కింద నేల ఎర్రగా ఇటుకలా కాలి, ఏళ్ల తరబడి అక్కడ ఏమీ మొలవదు. వాగు ఒడ్డున కుప్ప వద్దు.

5. తడి చూడటం

పుల్ల ఎంత లావుంటే అంత ఆలస్యంగా ఎండుతుంది, అంత ఆలస్యంగా నానుతుంది. అటవీ సిబ్బంది దీనికి గంటల లెక్క పెట్టుకున్నారు. 6 మిల్లీమీటర్ల లోపు పుల్ల గంటలోనే గాలి తేమకు తగ్గట్టు మారిపోతుంది. 25 మిల్లీమీటర్ల వరకు 10 గంటలు. 75 వరకు 100 గంటలు. అంతకు మించిన దుంగలకు 1,000 గంటలు, అంటే 40 రోజులకు పైనే. నిన్నటి జల్లు సన్న పుల్లలకు మాత్రమే తెలుసు. మూడు నెలల కరువు దుంగలకు తెలుసు. కొత్తవాళ్లను మోసం చేసేది ఇదే. పొద్దున పుల్లలు తడిగా ఉన్నాయని ధైర్యంగా నిప్పు పెడతారు, మధ్యాహ్నానికి పుల్లలు ఎండుతాయి, వాటి కింద దుంగలు ఎప్పుడో ఎండి కూర్చున్నాయి.

మీకు కావాల్సింది దీనికి తిరగబడిన పరిస్థితి: సన్నవి పొడిగా, లావువి తడిగా, నేల పొర ఇంకా తడిగా. సన్న పుల్ల వంచితే పుటుక్కున విరగాలి. దుంగను కత్తితో చీల్చి చూస్తే లోపల చల్లగా, ముదురు రంగులో ఉండాలి. నేల మీది ఆకుల పొరలోకి వేలు గుచ్చితే పైన పొడిగా ఉన్నా రెండో కణుపు దాకా వెళ్లేసరికి తడి తగలాలి. తేమ కొలిచే మీటరు ఉంటే దానితో కూడా సరిచూసుకోండి. గాలి తేమ విషయంలో ఒక గుర్తు: అదే గాలి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాని తేమ శాతం సగానికి పడుతుంది. పొద్దున 10 డిగ్రీల దగ్గర 60 శాతం ఉంటే మధ్యాహ్నం 21 డిగ్రీలకు 30 అవుతుంది.

6. పొగ ఎటు పోతుంది

పొగ గురించి చివర్లో ఆలోచిస్తారు గానీ, లోయలున్న ప్రాంతాల్లో రోజును నిర్ణయించేది పొగే. చలికాలపు ప్రశాంతమైన రోజుల్లో లోయ అడుగున చల్లగాలి, దాని మీద వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి కొంత దూరం లేచి, అదృశ్యంగా ఒక కప్పు తగిలినట్టు పక్కలకు పరుచుకుంటుంది. సాయంత్రానికి లోయలోని ఊరంతా దాన్నే పీలుస్తుంది. మంట అదుపులో ఉంచడానికి ఏ ప్రశాంతత బాగుంటుందో, పొగకు అదే శత్రువు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇందుకే వెంటింగ్ ఇండెక్స్ అనే సూచిక రోజూ ఇస్తారు. పొగ ఎంత ఎత్తుకు లేచి ఎంత త్వరగా చెదురుతుందో అది చెబుతుంది. ఊళ్లకు దగ్గరగా ఉండే ప్రాంతాలకు నియమాలు మరింత గట్టిగా ఉంటాయి. మీ దగ్గర అలాంటి సూచిక ఉంటే అది బాగున్న రోజే ఎంచుకోండి, పొగ ఎక్కువగా లేచే పని మధ్యాహ్నానికల్లా ముగిసేలా చూసుకోండి.

చదును, తేమ ప్రాంతాల్లో ఇంకో రకం ప్రమాదం. రాత్రి కుములుతున్న తుక్కు పొగ, పొగమంచుతో కలిసి నేలకు అంటుకుని పాకుతుంది. ఫ్లోరిడాలో 2008 జనవరి 9 తెల్లవారుజామున ఇలాంటి పొగా మంచూ కలిసి హైవేను కమ్మేసి, 70 దాకా వాహనాలు ఒకదానినొకటి గుద్దుకున్నాయి. దిగువన రోడ్డు ఉంటే, ఆ రాత్రి కుమిలేది ఏమీ మిగలకూడదు. మిగులుతుందనుకుంటే ఆ రోజు కాల్చకండి.

7. నిప్పు పెట్టే రోజు

ఫైర్ లైన్లు ముందు రోజుకే సిద్ధంగా ఉండాలి, ఆకులూ వేర్లూ కలవని ఖనిజ మట్టి కనిపించే దాకా గీకి. పారలు, నీళ్ల ట్యాంకు, పంపు, వాకీటాకీలు, తప్పించుకునే దారి, అందరూ చేరాల్సిన క్షేమమైన చోటు, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నవి మంట పెట్టకముందే అందరి చేతా చెప్పించండి.

పొద్దున సూచన మళ్లీ చూడండి. ఆ తర్వాత ఒక మూల ఒక్క చిన్న కుప్పకు నిప్పు పెట్టి పావుగంట చూడండి. పొగ నిటారుగా లేస్తోందా, ఎటు వంగుతోంది, రవ్వలు ఎంత దూరం పడుతున్నాయి, పడ్డచోట అంటుకుంటున్నాయా. రవ్వ పడ్డచోట గడ్డి వెంటనే పొగ రాజేస్తుంటే ఆర్పేసి ఇంటికి వెళ్లండి. ఇన్ని నెలలు సిద్ధమై, మనుషుల్ని రప్పించి వెనక్కి వెళ్లాలంటే మనసు ఒప్పుకోదు, పైనుంచి టెన్షన్ కూడా ఉంటుంది. అయినా వెళ్లిపోవాలి.

అన్నీ కుదిరితే ఎగువ నుంచి మొదలుపెట్టండి. కొండ మీద ఎప్పుడూ శిఖరం వైపు అంచును ముందు కాల్చి నల్లబరచాలి. అప్పుడు కింద నుంచి వచ్చే మంటకు పైన మేత ఉండదు. పరిచిన తుక్కైతే ఎగువ అంచు నుంచి వాలుకు అడ్డంగా సన్నటి పట్టీలుగా, ఒకటి చల్లారాక ఇంకొకటి, కిందికి దిగుతూ రావాలి. పట్టీ వెడల్పే మీ చేతిలోని బ్రేకు. మంట ఎత్తు పెరిగితే పట్టీ సన్నం చేయండి. చదును నేల మీద ఎగువ పాత్ర గాలిది: గాలి పోయే వైపు అంచు ముందు, గాలి వచ్చే వైపు చివర. డ్రిప్ టార్చ్‌లో (మండే ఇంధనాన్ని చుక్కలుగా జార్చే చేతి డబ్బాలో) డీజిల్ మూడు, నాలుగు పాళ్లకు పెట్రోల్ ఒక పాలు. ఒట్టి పెట్రోల్ ఎన్నడూ వాడకండి, దాని ఆవిరి మీ ముఖం మీదే అంటుకుంటుంది.

పీలికలు తిరిగే సమయం గుర్తుందా? గాలి పైకి తిరిగే గంటకు ముందే ఎగువ అంచు నల్లబడి ఉండాలి. సాయంత్రం కిందికి తిరిగే గంటకు ముందే కొత్తగా నిప్పు పెట్టడం ఆపేయాలి.

8. బూడిదలో చేయి పెట్టే పని

మంట ఆరాక సగం పనే అయింది. మర్నాడు, ఆ తర్వాతి వారం, నెల తర్వాత మళ్లీ రండి. గ్లౌజు తీసి, అరచేయి కాకుండా చేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా, ముందు ఒక జానెడు ఎత్తున, తర్వాత ఇంకొంచెం దగ్గరగా ఆనించి చూడండి. వేడి తెలియకపోతే పారతో తవ్వి మళ్లీ చూడండి. అంచు నుంచి లోపలికి వరుసగా, ఒక్క అడుగు వదలకుండా. మొదళ్ల దగ్గర ఎక్కువ సేపు ఆగండి. వేరు లోపల నిప్పు సొరంగంలా పాకి, ఫైర్ లైన్ కిందుగా అవతల తేలుతుంది. నేల మీద చిన్న గుంటలా కుంగిన చోటు, దాని చుట్టూ తెల్లటి బూడిద కనిపిస్తే అక్కడ తవ్వండి. నీళ్లు పోయడంతో సరిపెట్టకండి. నీళ్లు పోస్తూ మట్టితో కలిపి, ముద్దగా చేసి, మళ్లీ చేత్తో చూడండి. థర్మల్ కెమెరా దొరికితే తెల్లవారకముందు, నేల చల్లగా ఉన్నప్పుడు తిప్పండి. అప్పుడు నిప్పు ఉన్న చోటు బాగా తేడాగా కనిపిస్తుంది.

ప్రతి కుప్పకూ ఒక నంబరు, మ్యాపు మీద ఒక చుక్క పెట్టుకోండి. ఆ చోటు పూర్తిగా చల్లారిందని ఎవరు, ఏ తేదీన చేత్తో తాకి చూశారో ఆ నంబరు ఎదురుగా రాయండి. మంచు పడితే ఆ జాబితాను మూసేయకండి. మంచు కరిగాక, మీరు రెండో అంకంలో కాగితం మీద రాసుకున్న ఆ గాలి నెల మొదలవడానికి ముందు, ఆ చుక్కలన్నిటి దగ్గరికీ మళ్లీ నడిచి వెళ్లి, ప్రతి దాన్లో ఇంకోసారి పార దించి చూడండి.